ఇంటి లెక్కలు: కడపంక్తి లెక్క

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఒకటేనని సామెత. దీన్ని మనం నవ్వుతూ వాడుకుంటాము గాని, కాస్త నిదానించి చూస్తే ఇందులో నవ్వవలసినది కొంచెమే. వడ్డించేవాడు మనవాడు కానప్పుడు కడపంక్తిలో కూర్చున్నవాడి గతి ఏమిటని ఈ సామెత అడగదు. మొదటి పంక్తివారి ఆకుల్లో పరవాన్నం పొంగి పారుతుంది. చివరి పంక్తి దగ్గరకు వచ్చేసరికి గరిటె గిన్నె అడుగును గోకే చప్పుడు వినిపిస్తుంది. ఇటువంటి విందు చూడనివారు మన చదువరులలో ఉండరు. పంక్తిభేదం పాపమని పెద్దలు చెప్పారు. అయితే ఆ పాపంలో సగానికి సగం చెడ్డ మనసువల్ల వచ్చేది కాదు, లెక్క చూసుకోకపోవడంవల్ల వచ్చేది.

అందుచేత ఈ నెల మన శీర్షికలో లీటర్లు, మిల్లీలీటర్ల సంగతి, వాటిని నలుగురికీ సమంగా పంచే పద్ధతి ముచ్చటించుకుందామనుకున్నాము. బడికి పోయే పిల్లలకు ఇది చిన్న తరగతుల పాఠమే. కాని పరీక్షలో ఈ లెక్క తప్పితే పోయేవి రెండు మార్కులు. శ్రీరామనవమి పందిట్లో తప్పితే పదిమందికి పానకం దక్కదు. మందుసీసా దగ్గర తప్పితే అంతకంటె పెద్ద నష్టమే కావచ్చు. కాబట్టి పెద్దలు కూడా ఒక్కసారి పలక పుచ్చుకోవలసిందే.

ముందుగా మన పాత కొలతలను తలచుకుందాము. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. అంటే కుంచానికి 16 సోలలు, 64 గిద్దలు. మనం స్థిరపడిన ఈ తమిళనాట ఇరుగుపొరుగువారి కొలతలు కూడా ఇదే తీరున నడిచినవి. రెండు ఆళాక్కులు ఒక ఉళక్కు, రెండు ఉళక్కులు ఒక ఉరి, రెండు ఉరులు ఒక పడి. పేర్లు వేరైనా నడక ఒకటే. ప్రతి మెట్టులోనూ సగమో రెట్టింపో తప్ప వేరొకటి లేదు. మన ఇళ్ళలో ఈ రెండు వరుసలూ కలిసిపోయి, అత్తగారు సోలెడు అంటే కోడలు ఆళాక్కు అనడం ఇప్పటికీ అక్కడక్కడ వినబడుతూనే ఉన్నది.

పాత రూపాయి కూడా ఈ కుటుంబంలోనిదే. రూపాయికి 16 అణాలు, 64 పైసలు. కుంచానికి 16 సోలలు, 64 గిద్దలు. ఇంత చక్కగా కుదిరినందువల్లనే చదువురాని అవ్వలు కూడా గింజకు గింజ, కానీకి కానీ నోటితోనే లెక్క చెప్పగలిగేవారు. సగం చేయడానికి ఎక్కాలు అక్కరలేదు గదా! ఒకే రకం గిన్నెలు రెండు పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే ఎత్తుకు పోస్తే సగం అయినట్టే. అందులో సగాన్ని మళ్ళీ అలాగే చేస్తే పాతిక. ఈ విధంగా 64 గిద్దలను ఆరుసార్లు సగం చేస్తూ పోయినా గిద్ద విరగదు.

తరువాత మన దేశానికి దశాంశ పద్ధతి వచ్చినది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చినవి. తూనికలు, కొలతల చట్టం 1956లో పార్లమెంటులో ఆమోదం పొందింది. 1958 అక్టోబరు 1 నుండి అమలు మొదలై, 1962 ఏప్రిల్ నాటికి పాత కొలతలతో వ్యాపారం నిషిద్ధమైనది. ఆ చట్టం స్థానంలో 1976లో ఒకటి, దాని స్థానంలో 2009లో మరొకటి వచ్చినవి. ఈ కడపటిది 2011 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. చట్టాలు మారినా లీటరు మాత్రం మారలేదు.

ఈ మార్పు మంచిదే. పాతకాలంలో ఒక ఊరి కుంచం మరొక ఊరి కుంచానికి సరిపోయేది కాదు. పైన గోపురంలాగ పోసి కొలిచేవాడు ఒకడు, అంచుకు సమంగా చేత్తో రాసి కొలిచేవాడు ఒకడు. కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఒక కుంచం వాడే షావుకార్ల కథలు మన పెద్దల నోట విన్నవే. లీటరు మాత్రం చెన్నైలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా ఒకటే. పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు గల పెట్టెలో పట్టేది ఒక లీటరు.

దీన్ని ఎంత సూక్ష్మంగా చూశారంటే, 1901లో ఒక కిలో నీరు ఆక్రమించే చోటును లీటరని నిర్ణయించారు. తరువాత కొలిచి చూస్తే అది పైన చెప్పిన పెట్టెకంటె రవంత ఎక్కువని తేలింది. ఎంత ఎక్కువ? వెయ్యి లీటర్లకు 28 మిల్లీలీటర్లు, అనగా పెద్ద పీపాకు ఒక ఔన్సు. ఆ ఔన్సును కూడా ఊరుకోక, 1964లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభలో లీటరంటే కచ్చితంగా వెయ్యి ఘన సెంటీమీటర్లేనని తీర్మానం చేశారు. అంత శ్రద్ధతో తయారైన కొలతను మనం ఉజ్జాయింపుగా వాడుకోవడం న్యాయం కాదు.

అయితే పాత కొలతకు ఉన్న ఒక సుఖం కొత్త కొలతకు లేదు. వెయ్యిని సగం చేస్తే 500, మళ్ళీ చేస్తే 250, మళ్ళీ చేస్తే 125. అక్కడితో సరి. నాలుగోసారి చేస్తే 62న్నర వచ్చి మిల్లీలీటరు విరిగిపోతుంది. దానికి మారుగా 5, 10, 20, 25, 40, 50 మందికి లీటరు హాయిగా తెగుతుంది. ఇక ముగ్గురికి మాత్రం తెగదు. 333 చొప్పున ఇస్తే ఒకటి మిగులుతుంది. పాత రూపాయికి 192 దమ్మిడీలు ఉండేవి గనుక ముగ్గురన్నదమ్ములు తలా 5 అణాల 4 దమ్మిడీలు పుచ్చుకొని తగవు లేకుండా పోయేవారు. ఇప్పటి రూపాయి అయితే ముగ్గురికి 33 పైసలు పోను ఒక పైసా మిగిలి తగవు పెడుతుంది. కాబట్టి కొత్త కొలత వచ్చిన తరువాత పంపకానికి చేతి అలవాటు ఒక్కటే చాలదు. భాగహారం కావాలి. ఆ భాగహారానికి మూడు నియమాలు చెబుతాము.

మొదటి నియమం: పంచక ముందు అన్నిటినీ ఒకే కొలతలోనికి దించాలి.

లీటరులో పదవ వంతు డెసిలీటరు, నూరవ వంతు సెంటీలీటరు, వెయ్యవ వంతు మిల్లీలీటరు. పైకి పోతే వెయ్యి లీటర్లు కిలోలీటరు. దానినే ఘనమీటరు అని కూడా అంటారు. డెసిలీటరు మనకెక్కడ కనబడుతుందని అనుకోవద్దు. రక్తపరీక్ష కాగితం తీసి చూడండి. చక్కెర లెక్క డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములనే రాసి ఉంటుంది. సూదిమందు గొట్టం మీద రాసే సీసీ కూడా వేరొకటి కాదు, ఒక సీసీ అంటే ఒక మిల్లీలీటరే. ఇంటి పనికి మాత్రం లీటరు, మిల్లీలీటరు రెండూ తెలిస్తే చాలును. లీటర్లను వెయ్యితో హెచ్చిస్తే మిల్లీలీటర్లు, మిల్లీలీటర్లను వెయ్యితో భాగిస్తే లీటర్లు.

ఇంత సులువైనదానిలో తప్పెక్కడ వస్తున్నది? చుక్క దగ్గర వస్తున్నది. మనం రూపాయల లెక్కకు అలవాటుపడినవారము. రెండు రూపాయల యాభై పైసలను 2.50 అని రాస్తాము. అదే చేత్తో రెండు లీటర్ల యాభై మిల్లీలీటర్లను కూడా 2.50 అని రాసేస్తే అది రెండున్నర లీటర్లవుతుంది. అసలున్నది 2,050 మిల్లీలీటర్లు, కాగితం మీదికి ఎక్కినది 2,500. ఉత్త రాతలోనే 450 మిల్లీలీటర్లు పుట్టుకొచ్చినవన్నమాట. రూపాయికి నూరు పైసలు గనుక చుక్క తరువాత రెండు అంకెలు చాలును. లీటరుకు వెయ్యి మిల్లీలీటర్లు గనుక చుక్క తరువాత మూడు అంకెలు ఉండాలి. రెండు లీటర్ల యాభై అంటే 2.050. రెండు లీటర్ల ఐదు అంటే 2.005. ముప్పాతిక లీటరు అంటే 0.750. మూడో అంకె లేనిచోట సున్న వేసి చూసుకుంటే పొరపాటు దానంతటదే బయటపడుతుంది. చేతిఫోనులో లెక్కల యంత్రం ఉన్నది గదా అని కొందరంటారు. ఉన్నది నిజమే. దానికి మనం 2.5 అని నొక్కితే 2.5 అనే పుచ్చుకుంటుంది. మన మనసులో ఉన్నది రెండు లీటర్ల ఐదు మిల్లీలీటర్లని దానికెవరు చెబుతారు?

ఆఫీసులో పద్దులు వేసే మావంటి గుమాస్తాలకు మొదటిరోజునే నేర్పే పాఠం ఒకటున్నది. కూడిక వేసేముందు వరుసలో ఉన్నవన్నీ ఒకే జాతివా అని చూడాలి. ఇంట్లోనూ అంతే. లీటర్లు కొన్ని, మిల్లీలీటర్లు కొన్ని కలగలిపి కూడరాదు. అన్నిటినీ మిల్లీలీటర్లలోనికి దించి, పని అంతా ముగించి, కావాలంటే చివర లీటర్లలోనికి ఎక్కించుకోవచ్చు.

రెండవ నియమం: పంచేది ఎంతమందికో సరిగా లెక్కపెట్టాలి.

ఇది మొదటిదానికంటె తేలికగా కనబడుతుంది. నిజానికి పంపకాలలో వచ్చే తప్పులు ఎక్కువభాగం ఇక్కడే వస్తున్నవి. ఒక ఉదాహరణ తీసుకుందాము. శ్రీరామనవమినాడు ఒక పందిట్లో పానకం కలిపారు. ఒక గంగాళంలో పన్నెండున్నర లీటర్లు, మరొక గిన్నెలో ఏడుముప్పాతిక లీటర్లు ఉన్నవి. మిల్లీలీటర్లలో 12,500, 7,750. మొత్తం 20,250. పందిట్లో కూర్చున్నవారు 150 మంది. 20,250ని 150తో భాగిస్తే సరిగ్గా 135. శేషం లేదు. లెక్క ఎంత అందంగా కుదిరిందో అని సంతోషించి తలా 135 చొప్పున పోసేస్తారు.

మరి పొద్దుటినుండి బెల్లం దంచి, మిరియాలు నూరి, పానకం కలిపినవారు ఎవరు? గ్లాసులు అందించినవారు, గిన్నెలు తోమేవారు, గుమ్మం దగ్గర చెప్పులు కాచేవాడు, పందిరి వేసి పక్కన నిలబడినవాడు, వీరంతా ఏ పంక్తిలో ఉన్నారు? వారు కూర్చోలేదు గనుక లెక్కకు రాలేదు. వారు పదిమంది ఉన్నారనుకోండి. భాజకం 150 కాదు, 160. 20,250ని 160తో భాగిస్తే 126 చిల్లర. తలా 125 పోయవచ్చు. ముందు చెప్పిన 135కు, ఈ 125కు తేడా పది మిల్లీలీటర్లు, అంటే మందు చెంచాతో రెండు చెంచాలు. ఒక్కొక్కరు రెండు చెంచాల పానకం తగ్గించుకుంటే పదిమందికి గ్లాసు నిండుతుంది. లేకపోతే కలిపినవారికి ఖాళీ గంగాళం కడిగే భాగ్యం మాత్రం దక్కుతుంది.

ఈ సంగతి పందిట్లోనే కాదు, ప్రతిరోజూ మన వంటింట్లోనే ఉన్నది. ఉదయం అరలీటరు పాల పాకెట్టు వస్తుంది. ఇంట్లో అత్తగారు, యజమాని, ఇద్దరు పిల్లలు, ఇల్లాలు. ఆమె నలుగురికీ 125 చొప్పున పోసి, తాను మిగిలిన డికాషన్‌లో చక్కెర వేసుకొని తాగుతుంది. ఎవరైనా అడిగితే నాకు పాలు పడవంటుంది. చాలా ఇళ్ళలో ఈ పడకపోవడం పెళ్ళయిన తరువాత పట్టుకునే జబ్బు. 500ని నాలుగుతో భాగిస్తే 125, ఐదుతో భాగిస్తే 100. నలుగురూ పాతిక మిల్లీలీటర్ల చొప్పున దిగితే ఆమె సున్న నుండి నూరుకు ఎక్కుతుంది. ఇందులో త్యాగం మాట అక్కరలేదు. వడ్డించే చెయ్యికి కూడా ఒక నోరు ఉన్నదని లెక్కలో రాసుకుంటే చాలును. మన ఇళ్ళలో ఆడవారు కడపంక్తిలో కూడా కూర్చోక, పంక్తులన్నీ లేచిన తరువాత వంటింటి గడపలో తినడం చాలాకాలం నడిచింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అందుచేత భాజకాన్ని ఎంచేటప్పుడు వంటింటినుండి మొదలుపెట్టి బయటకు రండి.

మూడవ నియమం: తెగనప్పుడు లబ్ధాన్ని కిందికే దించాలి, పైకి ఎక్కించరాదు.

పై లెక్కలో 126 చిల్లర వచ్చింది గదా. గ్లాసు మీద 126 గీత ఉండదు. 125 పోయాలా, 130 పోయాలా? నాలుగు మిల్లీలీటర్ల తేడాకు ఏముందిలే, ధారాళంగా 130 పోయండి అనే పెద్దమనిషి ప్రతి సభలోనూ ఒకరుంటారు. ఆ మాట వింటే ఏమవుతుందో చూడండి. 130 చొప్పున 155 మందికి పోసేసరికి 20,150 అయిపోతుంది. 156వ వ్యక్తికి మిగిలినది 100. తరువాతి నలుగురికి ఏమీ లేదు. మొదటివారి దగ్గర చూపిన ధారాళం కడపంక్తివారి గ్లాసులోనుండి తీసినదే. అదే 125 చొప్పున పోస్తే 160 మందికీ 20,000తో సరిపోయి, ఇంకా 250 మిల్లీలీటర్లు చేతిలో ఉంటుంది. గరిటెకు అంటుకునేది, కింద ఒలికేది ఆ 250లో సర్దుకుపోతుంది.

మిగిలినదాన్ని ఏం చేయాలనేది కూడా ముందే అనుకోవాలి. కడపంక్తి పూర్తి అయిన తరువాతనే మారు వడ్డన. అంతకుముందు ఎవరు గ్లాసు చాచినా, వారు మన వియ్యంకులైనా సరే, కాస్త ఆగమని చెప్పవలసిందే. కోవెలలో తీర్థమిచ్చే అర్చకులను చూడండి. ఉద్ధరిణె ఒకటే. పెద్ద పంచె కట్టినవానికి, చినిగిన చొక్కావానికి అదే ఉద్ధరిణెతో పోస్తారు. అక్కడ కొలత నిర్ణయమై ఉన్నది గనుక మొహమాటానికి చోటు లేదు. మనం కూడా ఒకే గరిటె, ఒకే గ్లాసు ఏర్పాటు చేసుకుంటే వడ్డించేవాడు ఎవరివాడన్న ప్రశ్నే పుట్టదు.

ఇంట్లో ముగ్గురు పిల్లల మధ్య తెగని శేషానికి వేరొక ఉపాయం ఉన్నది. పంచే పని ఒక పిల్లవానికి అప్పగించి, పంచినవాడు కడపట తీసుకోవాలని షరతు పెట్టండి. వాడు మిల్లీలీటరుకు కూడా తేడా రానివ్వడు.

నియమాలు మూడూ అయినవి. ఇక పాత్రల సంగతి రెండు మాటలు. కన్ను గొప్ప మోసగత్తె. పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువగా, వెడల్పు గిన్నెలో పోస్తే తక్కువగా చూపిస్తుంది. మన ఇంటి కాఫీ లోటా ఎంత పడుతుందో మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. లీటరు నీళ్ళసీసా తీసుకొని లోటాలు నింపుతూ పోండి. ఎనిమిది నిండితే 125 పట్టే లోటా. ఐదు నిండితే 200ది. వంటింట్లో చిన్న త్రాసు ఉంటే ఇంకా సులువు. ఖాళీ లోటా బరువు చూసి, నీళ్ళు నింపి మళ్ళీ చూడండి. ఎన్ని గ్రాములు పెరిగితే అన్ని మిల్లీలీటర్లని అనుకోవచ్చును. ఈ గ్రాముకు మిల్లీలీటరు లెక్క నీటికే చెల్లుతుంది. నూనె పాకెట్టు మీద 1 లీటరు అని, దాని పక్కనే 910 గ్రాములు అని అచ్చు వేసి ఉండటం చూసే ఉంటారు. నూనె నీటికంటె తేలిక గనుక అలా ఉన్నది. కిలో నూనె, లీటరు నూనె ఒకటే అనుకొని ధర పోల్చితే నష్టపోయేది మనమే.

ఇక మందుల సంగతి. డాక్టరుగారు ఒక చెంచా అంటే ఐదు మిల్లీలీటర్లని అర్థం. మన డబ్బాలోని చెంచాలు ఒకటి మూడు పడితే మరొకటి ఎనిమిది పడుతుంది. అందుచేత పసిపిల్లల మందును సీసాతో వచ్చే మూతతోనో, గీతలున్న గొట్టంతోనో తప్ప వంటింటి చెంచాతో పోయకండి. 2.5 అని రాసి ఉన్నచోట చుక్క కనబడక 25 అని చదివితే మోతాదు పదింతలవుతుంది. మరొక సంగతి. పసిబిడ్డలకిచ్చే చుక్కలమందు, పెద్దపిల్లలకిచ్చే సిరప్ ఒకే పేరుతో ఉన్నా, చుక్కలమందు చిక్కగా ఉండవచ్చును. జ్వరానికి వాడే పారాసిటమాల్‌నే చూడండి. చుక్కలమందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉండే సీసాలున్నవి. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లకు 125 ఉండేవి ఉన్నవి. అంటే సిరప్‌లో మిల్లీలీటరుకు 25 మాత్రమే. సిరప్ మోతాదును చుక్కలమందుతో కొలిచి పోస్తే బిడ్డకు నాలుగింతలు పోసినట్టు. ఇక్కడ మిల్లీలీటర్లు సమానమైనా మందు సమానం కాదు. సీసా మీది రాత చదివి, అనుమానం వస్తే మందులషాపువారిని అడిగిన తరువాతనే పోయండి.

సీసా ఎన్నాళ్ళు వస్తుందనేది కూడా భాగహారమే. 60 మిల్లీలీటర్ల సీసా, పూటకు 5 చొప్పున రోజుకు మూడు పూటలు. రోజుకు 15, కాబట్టి నాలుగు రోజులు. డాక్టరుగారు ఐదు రోజులు వాడమంటే 75 కావాలి. అప్పుడు మరొక సీసా కొనవలసిందే గాని, ఉన్నదాన్ని ఐదు రోజులకు సర్దుదామని పూటకు నాలుగు చొప్పున పోయరాదు. పానకాన్ని తగ్గించి సర్దవచ్చును, మందును తగ్గించి సర్దరాదు. విరోచనాలకు వాడే ఉప్పు చక్కెర పొట్లం సంగతి కూడా ఇంతే. లీటరు నీటిలో కలపమని రాసిన పొట్లాన్ని ఒక గ్లాసు నీళ్ళలో కలిపితే ఉప్పు మోతాదు మించి బిడ్డకు కీడు చేస్తుంది.

మన భాషలో చిటికెడు, పిడికెడు, దోసెడు, గిద్దెడు, సోలెడు, మానెడు అనే చక్కటి మాటలున్నవి. గ్లాసు మనకు వచ్చి గ్లాసెడు అయింది. లీటరు మాత్రం ఎందుచేతనో ఇంకా లీటరెడు కాలేదు. మాటలో చుట్టరికం కుదరకపోయినా లెక్కలో కుదుర్చుకోవలసిన రోజులివి. పాత కొలతలు పిల్లలకు తప్పక చెప్పండి, అవి మన ఇంటి ఆస్తి. పంపకానికి కూర్చున్నప్పుడు మాత్రం మిల్లీలీటర్లలోనికి దిగండి.

పిల్లలకు ఈ నెల లెక్కలు:

ఒకటి. మూడు లీటర్ల డెబ్బయి అయిదు మిల్లీలీటర్ల నువ్వులనూనెను చుక్క పెట్టి లీటర్లలో ఎలా రాస్తారు? దాన్ని 15 మందికి పంచితే తలా ఎంత?

రెండు. 100 మిల్లీలీటర్ల మందుసీసా. పూటకు 7.5 చొప్పున రోజుకు రెండు పూటలు, ఏడు రోజులు వాడమన్నారు. సీసా చాలునా? చాలకపోతే ఎంత తక్కువ?

మూడు. ఒక కుంచం శనగలను 16 మందికి పంచితే తలా ఎంత? 24 మందికి పంచితే తలా ఎన్ని గిద్దలు, శేషం ఎంత?

నాలుగు. మీ ఇంట్లోనికి రోజూ వచ్చే పాలెన్ని మిల్లీలీటర్లు? వాటిని ఎంతమందితో భాగిస్తున్నారు? ఇంట్లో ఉన్నవారు ఎంతమంది?

మొదటి మూడింటి జవాబులు వచ్చే సంచికలో వేస్తాము. నాలుగవదాని జవాబు మాకు పంపనక్కరలేదు. భాజకం తక్కువగా ఉన్నట్టు తేలితే రేపు ఉదయంనుండే సరిచేసుకుంటే చాలును.